డిపో పక్కన బీపీ గది

"గుండెకి ముప్పు తగ్గించాలి! అదీ ఈ రోజే మొదలుపెట్టాలి!" అని ఛైర్మన్ గారు మైకులో గర్జించారు. పాపం, ఆ మైకుకి వయసు మళ్లింది. అప్పుడప్పుడూ మాటల తలకాయలు కొరికి మింగేస్తూంటుంది. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు చెవికి చేరేసరికి ముప్పు కాస్తా ఉప్పయి కూర్చుంది. ఉప్పు తగ్గించాలి, అదీ ఈ రోజే! పెద్దాయన మాటంటే అటెండరుకి శాసనం. నేరుగా కింది అంతస్తుకి దిగి, క్యాంటీను వంటవాడి చెవిన ఆ శాసనం వేసి వచ్చాడు.

మధ్యాహ్నం భోజనాలు మీటింగు హాల్లోకే వచ్చాయి. ఆర్థిక శాఖ అధికారి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మింగాలో కక్కాలో తేల్చుకోలేని మొహం పెట్టాడు. ఏ పద్దు చూపించినా వద్దు అనడం వృత్తి కాబట్టి ఆఫీసంతా ఆయన్ని కత్తెర అని పిలుచుకుంటుంది.

"ఏవండీ, ఇది భోజనమా, ఉపవాసమా?" అన్నాడు కత్తెర.

"ఉప్పు లేని వాసం కదండీ, ఉపవాసమే," అన్నాడు డిప్యూటీ.

అటెండరు బిక్కమొహం వేశాడు. "తమరే కదండీ సెలవిచ్చారు, ఈ రోజు నుంచే ఉప్పు తగ్గించాలని!"

"ముప్పయ్యా! నేనన్నది ముప్పు!" అన్నారు ఛైర్మన్ గారు. ఆ ముక్క కూడా మైకులోనే అన్నారు. హాలంతటికీ "ఉప్పయ్యా" అనే వినబడింది.

అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ తొమ్మిదిమంది సభ్యులూ కలిసి ఒకే విషయానికి నవ్వడం అదే ఆఖరు.

నగరంలో గుండె జబ్బులు రాకుండా ఆపడానికి వచ్చే ఏడాది ప్రభుత్వ సొమ్ము ముందు దేని మీద పెట్టాలో తేల్చే సంఘం అది. ఆరోగ్య శాఖ డిప్యూటీ దానికి కార్యదర్శి. ప్రతిపాదనలు రాయడం, సభ్యుల్ని పోగు చెయ్యడం, వాళ్లకి కునుకు పట్టకుండా మధ్యమధ్య ఓ చమత్కారం విసరడం అతని పని. ఓటు మాత్రం లేదు. పెళ్లి పెద్దరికం అంతా చేసి పందిట్లో కుర్చీ దొరకని మేనమామ లాంటి ఉద్యోగం.

వాళ్ల ముందు అయిదు అంశాలున్నాయి. పేటపేటకీ సాయంత్రం పూట తెరిచే బీపీ గదులు. ప్యాకెట్లలో అమ్మే తిండిలో ఉప్పుకి హద్దు. బడుల దగ్గర పొగాకు దుకాణాల ఎత్తివేత. పెద్దాసుపత్రికి గుండె రక్తనాళాలు తెరిచే కొత్త యంత్రం. అయిదోది ప్రచార బోర్డులు. నిజానికి ఈ అయిదోది ఎవరూ అడగలేదు. నాలుగే ఉంటే ఫైలు బోసిగా ఉందని ఛైర్మన్ గారు గొణిగితే, పేజీ నింపడానికి డిప్యూటీయే తన చేత్తో చేర్చాడు.

అతని మనసంతా మొదటి అంశం మీదే. అలాంటి గది ఒక్కటి, పరీక్షగా చూద్దామని, బస్సు డిపో పక్కన రెండేళ్లుగా నడుస్తోంది. ఒకప్పుడు టికెట్ల కట్టలు దాచిన గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసే మిషను, మాత్రల బీరువా, ఒక నర్సు. డ్యూటీలు దిగే వేళకి తెరుస్తారు, ఆఖరి బస్సు లోపలికొచ్చాక మూస్తారు. ఈ ఊళ్లో మిగతా ఆసుపత్రులన్నీ పొద్దున్నే తెరిచి మధ్యాహ్నానికల్లా గొళ్లెం పెడతాయి. పనిచేసుకునేవాడికి రోగం రావాలంటే సెలవు పెట్టి తెచ్చుకోవాలి.

డిప్యూటీ తమ్ముడు ఆ డిపోలో డ్రైవరు. ఇంట్లో ముద్దుపేరు బ్రేకు. చిన్నప్పుడు ఏ పని చెప్పినా మధ్యలో ఆగిపోయేవాడని వాళ్లమ్మ పెట్టిన పేరు. అతని బీపీ మొదటిసారి చూసినప్పుడు నర్సు, మిషను చెడిపోయిందేమోనని తన చేతికి కట్టుకుని చూసుకుందట. మాత్రలు రాసిచ్చారు. వారం తిరక్కుండా బ్రేకు మానేశాడు. ఎందుకు మానేశావని డిప్యూటీ నిలదీస్తే నవ్వేశాడు, తిట్టినా నవ్వేశాడు. ఆ నర్సే కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు జారేసి, మెల్లిగా కూపీ లాగింది. ఆ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ ఒంటేలుకి వెళ్లాలనిపిస్తుంది. నిండు బస్సుతో రోడ్డు మధ్య ఎక్కడాపుతాడు? సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. నర్సు మాత్ర వేసుకునే వేళ మార్చింది. డ్యూటీ దిగాక, తన ఎదుటే వేసుకోమంది. రెండేళ్లుగా బ్రేకు బీపీ కళ్లెం వేసినట్టు ఉంది. డిప్యూటీ ప్రతిపాదనలో ఇదంతా రాయలేదు. "రోగులు మందు మానకుండా చూడవచ్చు" అని ఒక్క వాక్యం రాశాడు. ఆ వాక్యం వెనక ఉన్నది తన తమ్ముడని సంఘంలో కొందరికే తెలుసు.

పొద్దుటి చర్చ చూస్తే డిప్యూటీకి గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చనిపించింది. పెద్దాసుపత్రి గుండె డాక్టరు లేచి, "నా యంత్రం వచ్చే ఏడాదైనా వస్తుంది. నా బల్ల మీదకొచ్చేసరికి రోగి సగం మనిషి అయిపోయుంటాడు. ముందు ఆ గదులు పెట్టండి" అన్నాడు. కత్తెర అయితే గదుల ఖర్చు చూసి, ఇంత తక్కువా అని అనుమానంగా రెండుసార్లు చూశాడు. అది ఆయన మెచ్చుకోలు.

భోజనాల్లో ఉప్పు లేని గొడవ వచ్చిపడేసరికి డిప్యూటీ ఉప్పు తేవడానికి క్యాంటీనుకి పరిగెత్తాడు. అక్కడ వంటవాడు అలిగి కూర్చున్నాడు. "పొద్దున్న వద్దంటారు, మధ్యాహ్నం కావాలంటారు, మీ సర్కారు నాలిక్కి నరం లేదండీ" అని దులిపేశాడు. అతన్ని బుజ్జగించి, ఉప్పు గిన్నెతో పైకొచ్చేసరికి పని అయిపోయింది. ఆలస్యమెందుకని ఛైర్మన్ గారు తింటూండగానే ఓట్లు వేయించేశారు. రహస్య ఓటింగు, ఒక్కో అంశం పక్కన ఒకటి నుంచి అయిదు దాకా ఓ అంకె. కిందటిసారి చేతులెత్తమంటే చిన్నవాళ్లంతా పెద్దల చేతులు చూసి ఎత్తారని ఈసారి ఆ పద్ధతి పెట్టారు. ఆఫీసు సూపరింటెండెంటు కాగితాలు పోగుచేసి, మొత్తాలు కట్టి, రహస్యం రహస్యంగా ఉండాలని వాటిని అక్కడికక్కడే చింపి బుట్టలో వేశాడు.

ఛైర్మన్ గారు ఫలితం చదివారు. "మొదటి ప్రాధాన్యం, ప్రచార బోర్డులు." ఒక్క క్షణం ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చదివారు. "అట్టడుగున... సాయంత్రపు బీపీ గదులు."

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. తొమ్మిదిమందీ ఒకరినొకరు కొత్తగా చూసుకున్నారు. నేను కాదు, మరి వీళ్లలో ఎవరు? ఆ ప్రశ్న ప్రతి మొహం మీదా ఉంది, ఏ నోటి నుంచీ రాలేదు. వస్తే, బోర్డుల కంట్రాక్టరు దగ్గర నువ్వేం తిన్నావని పక్కవాడిని అడిగినట్టే.

"సభ్యుల అభిప్రాయం శిరోధార్యం," అన్నారు ఛైర్మన్ గారు. తీర్మానం అయింది. దానికి తీరూ లేదు, మానమూ లేదు.

డిప్యూటీ చేతిలో ఉప్పు గిన్నె అలాగే ఉంది. ఎవరూ వేసుకోలేదు. అతని చూపు తిన్నగా గుండె డాక్టరు మీద పడింది. యంత్రానికి మూడో స్థానం వచ్చింది. పైకి గదులంటాడు, లోపల యంత్రమా? ఆ రోజు నుంచి డిప్యూటీ ఆయనతో మాట్లాడటం మానేశాడు. లిఫ్టులో ఎదురైతే మెట్లెక్కాడు. డాక్టరు కూడా పలకరించలేదు. ప్రతిపాదన రాసినవాడే ఎక్కడో బేరం కుదుర్చుకున్నాడని ఆయన అనుమానం. మిగతా ఎనిమిదిమందీ అంతే. కాఫీల దగ్గర గుసగుసలు, వెనకాల వేళ్లు.

ప్రాధాన్యంలో అట్టడుగున ఉన్నదానికి డబ్బు రాదు. నెల తిరిగేసరికి డిపో పక్క గదికి తాళం పడింది. నర్సుని ఊరి అవతలి టీకాల కేంద్రానికి మార్చారు. వెళ్లేముందు ఆమె తన దగ్గరికొచ్చేవాళ్లందరికీ ఫలానా మాత్ర ఫలానా వేళకని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లిందట. బ్రేకు ఆ వారం దూరపు డ్యూటీలో ఉన్నాడు.

డిప్యూటీ ఆదివారం తమ్ముడింటికి మాత్రల పెట్టెతో వెళ్లాడు.

"ఎందుకన్నయ్యా ఇన్ని? కొట్టు పెట్టిస్తావా ఏంటి?"

"నోర్మూసుకుని వేసుకో. రోజుకొకటి. పెద్దాసుపత్రిలో ఓసారి చూపించుకో."

"పొద్దున్న పోవాలంటగా. సెలవెవడిస్తాడు?"

"నేను చెప్తాను డిపో మేనేజరుకి."

"వద్దులే బాబూ. డిప్యూటీ గారి తమ్ముడని ఇప్పటికే నా బస్సు హారను మీద కూడా జోకులేస్తున్నారు." లోపలి నుంచి అతని భార్య అందుకుంది. "బావగారూ, మీరు గట్టిగా చెప్పండి. నేను చెప్తే బ్రేకు పడదు, ఆక్సిలేటరే."

మాత్ర ఏ వేళ వేసుకోవాలో డిప్యూటీ చెప్పలేదు. అతనికి గుర్తులేదని కాదు. అందరికీ తెలిసిన సంగతే కదా, మళ్లీ చెప్పేదేముందనుకున్నాడు. తర్వాత కొన్నాళ్లకి డ్యూటీలు మారాయి. సాయంత్రం దిగేవాడు పొద్దున్న దిగడం మొదలుపెట్టాడు, మళ్లీ మధ్యాహ్నం ఎక్కడం. ఏ వేళకి వేసుకుంటే దారిలో ఇబ్బంది ఉండదో అడగడానికి మనిషి లేదు. అన్నయ్యని అడగడానికి నామోషీ. పెళ్లాం అడిగితే, "వేసుకున్నాలే" అనేవాడు.

ఈలోగా బోర్డులొచ్చాయి. బస్సుల వెనక అంతెత్తు ఎర్రటి గుండె బొమ్మ, దానికి కాళ్లు, కాళ్లకి పరుగుల బూట్లు, "మీ గుండె మీ చేతుల్లో" అని అక్షరాలు. మొదటి బొమ్మలు అతికించిన బస్సుల్లో బ్రేకు నడిపేదొకటి. ఆ రోజు ఫోను చేసి పడీపడీ నవ్వాడు.

"అన్నయ్యా, మీ ఆఫీసోళ్లు మొత్తానికి నా గుండె వీపుకి అంటించారు. చేతుల్లో స్టీరింగుంటే గుండెనెక్కడ పట్టుకోవాలంటావ్?"

"బోర్డు కాదురా అది, బోరు," అన్నాడు డిప్యూటీ. ఎప్పటిలా నవ్వు రాలేదు. "మాత్రలేసుకుంటున్నావా?"

"ఆఁ ఆఁ."

ఆ రెండు అక్షరాలనీ డిప్యూటీ నమ్మాడు. నమ్మడం తేలిక కాబట్టి నమ్మాడు.

వానలు తగ్గిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం బ్రేకు బస్సుని డిపోలోకి తెచ్చి, వరసలో సరిగ్గా పెట్టి, ఇంజను ఆపాడు. కండక్టరు లెక్క అప్పజెప్పడానికి దిగాడు. తిరిగొచ్చేసరికి డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, చేతుల మీద తల పెట్టుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని కండక్టరు కాసేపు లేపలేదు. పక్కన కూర్చుని టీ తాగాడు. అతనికని తెచ్చిన రెండో గ్లాసు చల్లారిపోతోందని భుజం తట్టినప్పుడు తెలిసింది.

టికెట్ల గది అక్కడికి పది అడుగులు కూడా లేదు. దాని తాళానికి తుప్పు పట్టింది.

బీరువాలో చీరల వెనక మాత్రల పెట్టె దొరికింది. పైన రెండు పట్టీలు చింపి ఉన్నాయి, అంతే. మరదలు దాన్ని డిప్యూటీ చేతికిచ్చి లోపలికెళ్లిపోయింది. ఏమైనా అని ఉంటే అతనికి కాస్త నయంగా ఉండేది.

మూడో రోజు పొద్దున్న సంఘం సభ్యులంతా, సూపరింటెండెంటుతో సహా, ఆఫీసు వ్యానులో పరామర్శకి వచ్చారు. రెండు గదుల క్వార్టరు. గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఒక కుర్చీకి కాలు విరిగి ఇటుక పెట్టి ఉంది. కత్తెర తెలియక దానిమీదే కూర్చుని, కదిలితే పడతానని బిగుసుకుపోయాడు. గుండె డాక్టరు అందరికీ దూరంగా గోడ వార నిలబడ్డాడు. మరదలు గడప లోపల, పెద్దకూతురు భుజానికి ఆనుకుని కూర్చుంది. కండక్టరు అందరికీ మంచినీళ్లిస్తున్నాడు. ఎవరికీ దాహం లేదు, అందరూ తాగారు.

ఇలాంటిచోట ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాల్ గారు సంఘంలో పెద్దమనిషి. ఆవిడే ముందు నోరు విప్పింది.

"డిప్యూటీ గారూ, మీరేమనుకుంటున్నారో నాకు తెలియదు కానీ, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ గదులకి నేను వేసినంత ఎవరూ వేసుండరు. అయిదుకి అయిదూ వేశాను."

డిప్యూటీ తల ఊపాడు. ఇప్పుడెందుకీ మాట అనిపించింది.

గోడ వార నుంచి గుండె డాక్టరు గొంతు వచ్చింది. "నేనూ గదులకే వేశాను. మీరు నమ్మినా నమ్మకపోయినా, ఒకటి వేశాను."

ప్రిన్సిపాల్ గారు వెనక్కి తిరిగింది. "ఒకటా? ఇంత గొప్పగా చెప్తున్నారు! ఒక్కటే వేసి గదులకే వేశానంటారేంటండీ?"

"ఒకటంటే ఒకటో ర్యాంకండీ. ఇంకేం వేస్తారు?"

"ర్యాంకేంటి? మైకులో నాకు 'అంకెలివ్వండి' అనే వినబడింది. కాగితం మీద 'మార్కులు' అని అచ్చేసి ఉందిగా!"

"అచ్చు ఎవరు చూశారు? ఛైర్మన్ గారు 'అందరూ ర్యాంకులివ్వండి' అన్నారు, నేనిచ్చాను."

కత్తెర విరిగిన కుర్చీ మీంచి లేచాడు. "నేనూ గదులకి ఒకటే. బోర్డులకి అయిదు. దిక్కుమాలిన బోర్డులని ఆఖరి ర్యాంకు పడేశాను."

"నేనూ బోర్డులకి అయిదే," అన్నారు ఛైర్మన్ గారు. గొంతు మైకు లేకపోయినా తల కొరికేసినట్టే వచ్చింది.

ఇంకొకాయన గదులకి ఒకటన్నాడు. మరొకామె అయిదంది. ఒక్కొక్కరే నోరు తెరుస్తూంటే డిప్యూటీ సూపరింటెండెంటు వైపు తిరిగాడు.

"మీరెలా కూడారండీ?"

"ఎలా ఏముందండీ? ఎవరికెక్కువొస్తే వాళ్లు ఫస్టు. దోమల నివారణ సంఘం ఓటు కాగితాలు మిగిలుంటే అంశాల పేర్లు మార్చి పంచాను. వాటి మీద మార్కులనే ఉంటుంది." ఆఖరి మాటకి అతని గొంతు పడిపోయింది.

గడప లోపలి నుంచి మరదలు అడిగింది. "బావగారూ, ఏంటి? ఏమయింది?"

తొమ్మిదిమందీ తలలు దించుకున్నారు. చెప్పాల్సింది అతనే. డిప్యూటీ గుమ్మం దగ్గరికి వెళ్లి, గడప బయట నేలమీద కూర్చున్నాడు. 

"అమ్మా, ఆ రోజు వీళ్లు అయిదు పనులకి అంకెలు వెయ్యాలి. ఆరుగురు ర్యాంకులనుకున్నారు. అన్నిటికన్నా కావలసినదానికి ఒకటి, అక్కర్లేనిదానికి అయిదు. ముగ్గురు మార్కులనుకున్నారు. కావలసినదానికి అయిదు, అక్కర్లేనిదానికి ఒకటి. కూడినాయన అన్నీ మార్కులే అనుకుని కూడాడు. ఎక్కువమంది గదులకి ఒకట్లు వేశారు కాబట్టి గదులకి తక్కువొచ్చింది. బోర్డులకి అయిదులు వేశారు కాబట్టి బోర్డులకి ఎక్కువొచ్చింది. తలకిందులైంది."

కండక్టరు మంచినీళ్ల చెంబుతో నిలబడిపోయాడు. "అంటే సార్, ఆ గది వద్దన్నదెవరు?"

"ఎవరూ వద్దనలేదు."

"ఒక్కరు కూడానా?"

"ఒక్కరు కూడా."

"మరి ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదేంటి సార్?"

దానికి డిప్యూటీ దగ్గర సమాధానం ఉంది. గోడ వార నిలబడ్డ డాక్టరు వైపు చూశాడు. ఆయన కూడా అతని వైపే చూస్తున్నాడు. "ఎదుటివాడు అమ్ముడుపోయాడనుకున్నాం," అన్నాడు డిప్యూటీ. "అడిగితే బాగుండదని ఊరుకున్నాం."

ఛైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు. "రేపే మీటింగు పెడతానమ్మా. తప్పు సరిదిద్దుతాం. ఆ గది మళ్లీ తెరిపిస్తాం. అన్నీ తెరిపిస్తాం." ఆయన మాట మీద నిలబడే మనిషే. తెరిపిస్తారు కూడా.

మరదలు ఆ మాట విన్నట్టు లేదు. వేళ్లు మడుచుకుంటూ తనలో తాను ఏదో కూడుకుంటోంది. కాసేపటికి తలెత్తింది.

"ఒకటంటే ఫస్టు ర్యాంకు. ఒకటంటే ఒక్క మార్కు. అంతేనా బావగారూ? మీరంతా ఆయన గదికి ఫస్టు ర్యాంకిచ్చి, ఒక్క మార్కే వచ్చిందని ఫెయిల్ చేశారు."

"అంతేనమ్మా," అన్నాడు డిప్యూటీ.

లోపల్నుంచి అత్తగారు, ఆ అన్నదమ్ముల తల్లి, చెవుడు మనిషి, ఎవరేమంటున్నారని కేకేసింది. మరదలు లేచి లోపలికెళ్లి, ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, అంతా మొదటి నుంచి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. బయట కుర్చీల్లో ఉన్నవాళ్లందరికీ ప్రతి ముక్కా వినబడింది.